ఆరున్నొకటి

గిడ్డంగిలో నన్ను అందరూ లాభం అని పిలుస్తారు. బతుకులో నేను దాని మొహం చూసింది లేదు గానీ పేరు మాత్రం నాకే అతుక్కుంది. లారీ వెనక తలుపు దగ్గర నిలబడి, కూలీల వీపుల మీద లోపలికి పోయే బస్తాలు గట్టిగా లెక్కపెట్టడం నా పని. మా నాన్న పని కూడా అదే. ఆయన దగ్గర నేర్చుకున్న లెక్క ఒకటితో మొదలుకాదు. మొదటి బస్తాకి లాభం అనాలి. ఆ తర్వాత రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. ఆరు తర్వాత వచ్చేదాన్ని ఆరున్నొకటి అనాలి. దాని అసలు పేరు నోట్లోంచి వస్తే ఇంట్లో ఏడుపు పుడుతుందని పాతవాళ్ళ నమ్మకం. ఇప్పటివాళ్ళకి ఈ సంగతి తెలియదు. తెలిసిన ముసలివాళ్ళు పోయారు. అటూ ఇటూ కాకుండా మధ్యలో నేను మిగిలాను.

నేను బడి మానింది కూడా ఆరో తరగతితోనే. ఆ పై క్లాసు పేరు చెప్పే అవసరం రాకుండా దేవుడే అడ్డుపడ్డాడని మా మేస్త్రీ వెక్కిరిస్తాడు. మేస్త్రీకి నలుగురు పిల్లలు. నలుగురూ బతికే ఉన్నారు. అతను వెక్కిరించగలడు.

మా చిన్నదాన్ని ఉడత అంటాం. ఆ ఆదివారానికి దానికి ఆరున్నొకటి నిండాలి. ఇంతవరకూ దానికి పుట్టినరోజు చేయలేదు. పొద్దున లేచి కొత్త గౌను వేసుకుని బడికి పోవడమే. ఈసారి అది ఊరుకోలేదు. బళ్ళో అందరి పుట్టినరోజులకీ తను వెళ్ళిందనీ, తన పుట్టినరోజుకి ఒక్కరూ రాలేదనీ, అసలు తను పుట్టిందో లేదో కూడా వాళ్ళు నమ్మడం లేదనీ చెప్పింది. నా ముందు కాగితం పెట్టి రాయమంది. పళ్ళు ఊడినది, కళ్ళజోడుది, కవలలిద్దరు, పక్కింటి వాగుడుకాయ, కొత్తగా చేరిన మాట్లాడని పిల్ల. రాశాను.

"నాతో కలిపి ఏడుగురం నాన్నా" అంది.

నేను లేచి కుళాయి కట్టేయడానికి వెళ్ళాను. కుళాయి అంతకుముందే కట్టి ఉంది.

మా ఆవిడ చొక్కా కాలర్లు కుడుతుంది. ఫ్యాక్టరీ వాళ్ళు కట్టలు కట్టి ఇంటికి పంపుతారు, లెక్క ప్రకారం కూలి ఇస్తారు. పుట్టినరోజు పనంతా ఆమె నెత్తినేసుకుంది. గుడ్డ పేలికల్ని మూడు మూలలుగా కత్తిరించి తాడుకి కుట్టి తోరణం చేసింది. పక్కకి తీసేసిన చొక్కా జేబులు తెచ్చి, పైన మడత కుట్టి, వచ్చిన పిల్లలకి తలా ఒకటి చొప్పున రెండు పెన్సిళ్ళూ గుప్పెడు చాక్లెట్లూ వేసి ఇవ్వాలంది. బిస్కెట్లు, బత్తాయి తొనలు, నిమ్మరసం. ప్లేట్లు పక్కింటి నుంచి. బుడగలు ఎందుకు లేవని ఉడత అడిగితే, అవి పేలితే నువ్వు జడుసుకుంటావు కదే అంది. ఉడత జడుసుకునే రకం కాదు. వాటి ధర జడిపించే రకం.

ఆటలకి ఖాళీ బస్తాలు తెమ్మని నాకు చెప్పింది. బస్తాలో కాళ్ళు పెట్టి గెంతే పోటీ. కేకు కూడా నాకే అప్పగించింది. దానికి కావలసిన డబ్బు కాగితంలో మడిచి నా చేతిలో పెట్టింది. ఒక షరతు కూడా పెట్టింది. ఈ వారం గిడ్డంగిలో ఒక్క పూట కూడా ఎక్కువ పని చేయకూడదు. ఎవరు ఎంత ఇస్తానన్నా సరే, దీపాలు పెట్టకముందే ఇంట్లో ఉండాలి.

నాకు ఒళ్ళు మండింది. ఇంటి మగవాడు సంపాదించి తెస్తానంటే వద్దనే ఇల్లాలిని ఎక్కడైనా చూశారా? నా డబ్బుకి మైలంటిందా అని అడిగాను. కుట్టుమిషను వేగం పెరిగింది. మా ఇంట్లో గొడవలన్నీ ఆ మిషనే పడుతుంది.

కేకు సంగతి సోమవారం అడిగింది. రేపు చూద్దాం అన్నాను. మంగళవారం అడిగింది, రేపు చూద్దాం. బుధ, గురువారాలు కూడా అంతే. బేకరీ నేను వెళ్ళే దారిలోనే ఉంది. అద్దాల వెనక కేకులు వరసగా కనిపిస్తాయి. ఆ నాలుగు రోజులూ నేను రోడ్డుకి అవతలి పక్క నడిచాను.

ఎందుకో చెప్పాలి.

ఉడతకి ముందు మాకు ఇంకొకతె ఉండేది. పిచ్చుక. సన్నగా ఉండేది గానీ మడమలు నేలకేసి కొడుతూ నడిచేది. ఇంత మనిషికి అంత చప్పుడేమిటే అని కింద వాటా వాళ్ళు పైకొచ్చి చూసి నవ్వుకుని వెళ్ళేవాళ్ళు. దానికి ఆరు దాటి, ఆ పై పుట్టినరోజు ఇంకో రెండు వారాలు ఉందనగా గిడ్డంగికి కొత్త గుమాస్తా వచ్చాడు. చేతిలో కంప్యూటరు, మొహం మీద చదువు. నా లెక్క విని నవ్వాడు. లాభమేమిటి, ఆరున్నొకటి ఏమిటి, మనుషుల్లా లెక్కపెట్టు అన్నాడు. నేను మళ్ళీ అలాగే అన్నాను. అతను లారీ ఆపించాడు. కూలీలు బస్తాలు వీపు మీద పెట్టుకుని వంగి నిలబడ్డారు. వాళ్ళ మెడల మీంచి చెమట కారుతోంది. ఏడు అను, అప్పుడే కదులుతుంది అన్నాడు. వాళ్ళ వీపులు చూసి అన్నాను. ఆ రోజు మూడు లారీలు. ప్రతి ఇరవైకీ రెండుసార్లు ఆ మాట అరిచాను.

ఆ సాయంత్రమే పిచ్చుక ఒళ్ళు వెచ్చబడింది. నాలుగో రోజు లేదు.

అయిదున్నర సంవత్సరాల నుంచి నాకు తెలిసిన కారణం అదే. గుమాస్తా వేరే ఊరు బదిలీ అయి సుఖంగా ఉన్నాడని విన్నాను. ఉండనీ. అలాంటివాళ్ళ ఇళ్ళలో ఏ అంకె పలికినా ఏమీ కాదు.

అసలు నన్ను పీక్కుతినేది ఆ తర్వాత జరిగింది. పిచ్చుక పుట్టినరోజుకి కేకు ముందే చెప్పి, సగం డబ్బు కట్టి ఉంచాను. ఆ గొడవలో వద్దని చెప్పాలన్న ధ్యాస ఎవరికీ లేదు. పుట్టినరోజు నాడు సాయంత్రం తలుపు చప్పుడైంది. తీశాను. సైకిలు వాడు. చేతిలో పెట్టె. మొహం నిండా నవ్వు. పుట్టినరోజు పాపేదండీ అని నా పక్కనుంచి లోపలికి తొంగిచూశాడు. మా ఆవిడ వచ్చి పెట్టె అందుకుంది. బల్ల మీద పెట్టి మూత తీసింది. గులాబీరంగు అక్షరాల్లో పిచ్చుక అని ఉంది. దాని కింద ఆ అంకె. మా ఆవిడ దాని ఎదురుగా కుర్చీ వేసుకుని చీకటి పడేదాకా కూర్చుంది. తర్వాత ఆ కేకుని మేం ఏం చేశామో నేను రాయను.

అప్పటి నుంచి రేపటి కోసం నేను దేనికీ ముందు మాట ఇవ్వను. ఇచ్చిన మాట తలుపు తట్టి వస్తుంది. మనిషి ఉన్నా వస్తుంది, లేకపోయినా వస్తుంది.

ఇంట్లో దాని వస్తువులేవీ లేవు. పటం ఒకటి ఉంది, అంతే. కానీ సాయంత్రం పూట నేను స్నానం చేస్తుంటే ముందు గదిలో మడమల చప్పుడు వినిపిస్తుంది. నాలుగడుగులు, కాసేపు ఆగడం, మళ్ళీ రెండడుగులు. తువ్వాలు చుట్టుకుని బయటికొస్తే ఉడత ఒక్కతే నేల మీద బోర్లా పడుకుని బొమ్మలు గీసుకుంటూ ఉంటుంది. మొదట్లో నా చెవుల తప్పనుకున్నాను. ఈమధ్య ఉడత కూడా అలాగే నడుస్తోంది. మునివేళ్ళ మీద పిల్లిలా తిరిగే పిల్ల, హఠాత్తుగా మడమలు కొడుతోంది. అక్క నడిచినప్పుడు అది ఇంకా తప్పటడుగులు వేసే పిల్ల. ఎవరు నేర్పారే ఈ నడక అని అడిగాను. ఎవరూ నేర్పలేదు, ఇలా నడిస్తే నేల పలుకుతుంది అంది. ఈ మాట మా ఆవిడతో అనలేదు. ఆమె కూడా విని ఉంటుంది. ఆమె కూడా నాతో అనలేదు. ఒకే చప్పుడు మీద ఇద్దరం చెరోవైపు చెవి పెట్టి బతుకుతున్నాం.

శుక్రవారం నాలుగు గంటలకి ఇంటికొచ్చాను. ఉడత బడి నుంచి వచ్చి చాప మీద ఒదిగి పడుకుని ఉంది. ఆ వేళప్పుడు అది పడుకోదు. పక్కన కూర్చుని నుదురు మీద చెయ్యి పెట్టాను. పుట్టినరోజు దగ్గరపడ్డ ఆ పదిహేను రోజులుగా అది నిద్ర లేవకముందే రోజూ పెడుతున్నాను, దొంగలా. ఆరోజు చెయ్యి వెచ్చగా తగిలింది.

నోరు మాత్రం తన పని తను చేసుకుపోయింది.

"ఎండకి తిరిగి ఉంటుంది. రేపు చూద్దాం" అన్నాను.

మిషను ఆగింది. మా ఆవిడ తల ఎత్తలేదు. సూది కింద ఉన్న కాలరునే చూస్తూ అంది.

"ఆ రోజు కూడా ఇదే అన్నావు."

గుమాస్తా గురించి మొదలుపెట్టాను. ఆ రోజు నాచేత ఏమనిపించాడో నీకేం తెలుసన్నాను. తెలుసంది. మేస్త్రీ భార్య ఎప్పుడో చెప్పిందట.

"అంకె చంపుతుందా ఏమిటయ్యా? ఏడు ఏడు ఏడు. ఇదిగో, అన్నాను. పిల్లకి ఒళ్ళు కాలుతోంది, డాక్టరు దగ్గరికి పోదామంటే, రేపు రెండు పూటల పని ఉంది, రెట్టింపు కూలి, పుట్టినరోజుకి పనికొస్తుంది, రేపు రాత్రి చూద్దాం అన్నావు. నువ్వన్నావు. నేను విన్నాను. విని ఊరుకున్నాను చూడు, అది."

అయిదున్నర సంవత్సరాల్లో మేం పిచ్చుక గురించి మాట్లాడుకున్నది అంతే. అరవలేదు. చాప మీద పిల్ల లేస్తుందని ఇద్దరం గొంతు తగ్గించే మాట్లాడాం. ఆమె చెప్పింది నిజమే. నాకు తెలియనిదీ కాదు. రెట్టింపు కూలి నేనే తెచ్చాను. సగం కేకుకి కట్టాను. కానీ మనిషికి ఒక గుమాస్తా కావాలి. నాకు దొరికాడు, గట్టిగా పట్టుకున్నాను.

చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా పిల్లని భుజాన వేసుకుని మెట్లు దిగాను. మా ఆవిడ వెనకే వచ్చింది. వీధి చివర డాక్టరమ్మ ఉంది. చిన్న వయసు. గొంతులో టార్చి వేసి చూసింది, చెవులు చూసింది, పొట్ట నొక్కింది. ఉడత చక్కిలిగిలికి మెలికలు తిరిగి నవ్వింది. ఏమీ లేదు, ఎండలో గెంతిందా అని అడిగింది. పుట్టినరోజు పోటీలో గెలవాలని బడి ఆవరణలో పుస్తకాల సంచిలో కాళ్ళు పెట్టి సాధన చేసిందట. నీళ్ళు తాగించండి, రేపటికి తగ్గుతుంది అంది డాక్టరమ్మ. తర్వాత నా వైపు తిరిగి, ముందు మీరు కూర్చోండి, మీ మొహం బాగాలేదంది. నా చేతికి పట్టీ కట్టి రక్తపోటు చూసింది. పిల్లకని వెళ్ళి మందులు నేను రాయించుకొచ్చాను.

ఫీజుకీ నా మందులకీ కేకు డబ్బులో సగం పైగా పోయింది. బయటికొచ్చి మా ఆవిడ చేతిలో మిగిలింది పెట్టబోతే, తీసుకోలేదు. కేకు అరచేతి వెడల్పు ఉంటే చాలు, కానీ ఇప్పుడే వెళ్ళి చెప్పిరా అంది. ఇప్పుడే అన్న మాట ఆమె గట్టిగా అనలేదు. నేను గట్టిగా విన్నాను.

బేకరీలో కౌంటరు దగ్గర ఒక అమ్మాయి ఉంది. ఇరవై కూడా ఉండవు. నా దగ్గరున్న డబ్బు చూపించి ఏదొస్తుందని అడిగాను. మొహం చిట్లించకుండా ఆలోచించింది. పొయ్యిలో ఒక పక్క కుంగిపోయిన కేకొకటి ఉంది, రుచికేం లోటు లేదు, కుంగినచోట క్రీము ఎక్కువ వేసి ఇస్తాం, సగం ధర అంది. ఆదివారం పొద్దున నేనే వచ్చి తీసుకెళతాను, ఎవరినీ ఇంటికి పంపొద్దని రెండుసార్లు చెప్పాను.

పేరేం రాయాలంది. ఉడత అన్నాను. నవ్వుకుంది.

"ఎన్ని నిండుతున్నాయంకుల్?"

"ఆరున్నొకటి."

ఆ అమ్మాయి తలెత్తి నన్నోసారి చూసి రాసుకుంది. ఈ రోజుల్లో ఇంట్లోవాళ్ళకి ఇంత ముద్దుగా ఎవరు చేస్తున్నారంకుల్, మంచిపని అంది. కుంగిన కేకు కొనేవాడికి ఈ పొగడ్త ఏమిటో అర్థం కాలేదు. ఎగతాళే అనుకుని వచ్చేశాను. జనం మీద నాకున్న నమ్మకం అంతే.

ఆదివారం పొద్దున పెట్టె తెచ్చాను గానీ మూత తీయలేదు. తీయడానికి చెయ్యి రాలేదు. బల్ల మీద పెట్టి, ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి, తోరణం కట్టే వంకతో మధ్యాహ్నమంతా దానికి వీపు పెట్టి నిలబడ్డాను. ఉడత ఒళ్ళు చల్లగా ఉంది. గంటకోసారి చూశాను. ఆఖరికి అదే వచ్చి తల వంచి, ఇదిగో చూసుకో అని నుదురు నా చేతికి ఆనించింది.

నాలుగు గంటలకి ఆరుగురూ వచ్చారు. ఒక్కరూ తగ్గలేదు. వరండాలో బస్తాల పోటీ పెట్టాం. వాగుడుకాయ గెంతడం మాని తను ఎలా గెలవబోతోందో వర్ణిస్తూ నిలబడిపోయింది. మాట్లాడని పిల్ల చప్పుడు చేయకుండా మొదట చేరింది. పళ్ళు ఊడినదానికి ఇంకో పన్ను ఊడింది. దాన్ని వెతకడం బస్తాల పోటీ కంటే పెద్ద ఆటయింది. అందరూ ఒకేసారి పరిగెడుతుంటే ఏ అడుగు ఎవరిదో తెలియలేదు. అన్ని రోజుల్లోనూ ఆ ఒక్క గంట నేను చెవులు రిక్కించలేదు.

తర్వాత అందర్నీ బల్ల చుట్టూ కూర్చోబెట్టి మా ఆవిడ మూత తీసింది.

నేను గోడ వైపు చూస్తున్నాను. కళ్ళజోడు పిల్ల కూడబలుక్కుని చదివింది.

"ఉడత. అరవై ఒకటి."

తిరిగి చూశాను. నీలంరంగు క్రీముతో ఎంతో శ్రద్ధగా రాశారు. ఆరు, పక్కన ఒకటి. ఆ అమ్మాయి తప్పేముంది? నేను చెప్పిందే రాసింది. పాపం మా ఇంట్లో ముసలమ్మ ఎవరికో అనుకుంది. ఆ పొగడ్త ఎందుకో అప్పటికి తెలిసింది.

మా ఆవిడ చేత్తో నోరు మూసుకుంది. భుజాలు కదులుతున్నాయి. అయ్యో అనుకుని దగ్గరికి వెళ్ళాను. నవ్వుతోంది. కళ్ళ నీళ్ళతో, ఊపిరి అందక, పొట్ట పట్టుకుని నవ్వుతోంది. నీ లెక్క తగలెయ్య, పిల్లని ముసలిదాన్ని చేశావు కదయ్యా అంది.

ఉడతకి కోపమొస్తుందనుకున్నాను. అది రెండు క్షణాలు కేకు వైపు చూసి, నెమ్మదిగా నడుం వంచింది. ఒక చెయ్యి వీపు మీద పెట్టుకుని, రెండో చేత్తో లేని కర్ర పట్టుకుని గదిలో నడవసాగింది. దగ్గింది. ఏమే మనవరాలా, జుట్టు దువ్వుకోవా అని కళ్ళజోడుదాన్ని తిట్టింది. ఆ కుర్చీ ఇలా లాగండే, మోకాళ్ళు పట్టేశాయి అంది. పిల్లలు పడిపడి నవ్వుతున్నారు. నాకు నవ్వు రాలేదు. నేను చూస్తున్నది నా కూతురి ముసలితనం. అప్పటికి నేను ఉండను, మా ఆవిడ ఉండదు. ఈ గది ఉంటుందో లేదో తెలియదు. ఆ ముసలమ్మ ఎక్కడో ఒక ఇంట్లో ఇలాగే నడుం పట్టుకుని నడుస్తూ ఉంటుంది. ఎవరి మీదో విసుక్కుంటూ ఉంటుంది. మనిషి అంత దూరం పోవచ్చునన్న సంగతి నాకు అప్పటిదాకా తోచనేలేదు.

అరవై ఒకటి ఎందుకు రాశారని వాగుడుకాయ అడిగింది. మా నాన్న ఏడుని ఆరున్నొకటి అంటాడని ఉడత చెప్పింది. ఎందుకలా అంటారని మళ్ళీ అడిగింది ఆ పిల్ల. ఉడతే చెప్పింది, ఇందులో తెలియకపోవడానికి ఏముందన్నట్టు.

"ఆరు మా అక్కవి. అక్క అక్కడ ఆగిపోయింది. ఆ మీద ఒకటి నాది."

చాకు అందుకుని కేకు మధ్యలో, సరిగ్గా ఆ రెండు అంకెల నడుమ కోసింది. ఆరు ఒక పక్క పడింది, ఒకటి ఒక పక్క పడింది. మా ఆవిడ నవ్వు ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు.

ఉడత చాకు కింద పెట్టి నా వైపు చూసింది. "మరి ఇవాళ్టి నుంచి నేనే పెద్దదాన్నా నాన్నా?"

మా ఆవిడ నా వైపు చూసింది. పిల్లలందరూ చూశారు. దీనికి రేపు లేదు.

"అవునమ్మా" అన్నాను. "ఏడు నిండాయిగా. ఇక నువ్వే పెద్దదానివి."

ఉడత తల ఊపింది. ఒప్పుకున్న పని మొదలుపెట్టే మనిషిలా ఒక ప్లేటు లాక్కుంది. ఆరు ఉన్న ముక్క అందులో పెట్టి, తన పక్కన బల్ల మీద ఉంచింది. తర్వాత వరండా గుమ్మం వైపు తిరిగి, ఇళ్ళలో అక్కలు చెల్లెళ్ళని కేకేసే గొంతుతో, కాస్త విసుగ్గా, కాస్త ముద్దుగా పిలిచింది.

"ఒసేయ్ పిచ్చుకా. ఆడింది చాల్లే. చేతులు కడుక్కుని రా."

నేనూ మా ఆవిడా గుమ్మం వైపు చూడలేదు. బల్ల అంచునే చూస్తూ నిలబడ్డాం.

ఉడత పక్కన కూర్చున్న మాట్లాడని పిల్ల, ఎవరూ చెప్పకుండానే, కొంచెం జరిగి చోటిచ్చింది.